‘ఛత్రాక్’: సినిమా ఒకటి, వివాదం మరొకటి

‘ఛత్రాక్’ 2011లో వచ్చిన బెంగాలీ చిత్రం. ఆ మాటకు పుట్టగొడుగు అని అర్థం. దర్శకుడు శ్రీలంకకు చెందిన విముక్తి జయసుందర. ఆయన తొలి చిత్రం 2005లో కాన్ ఉత్సవంలో ‘కెమెరా డీఓర్’ గెలుచుకుంది. ‘ఛత్రాక్’ను 2011 మేలో కాన్‌లోనే ‘డైరెక్టర్స్ ఫోర్ట్‌నైట్’ విభాగంలో ప్రదర్శించారు.

కథ

దుబాయ్‌లో పనిచేసిన ఆర్కిటెక్ట్ రాహుల్ భవన నిర్మాణం కోసం కోల్‌కతాకు తిరిగొస్తాడు. ఏళ్లుగా ఎదురుచూసిన ప్రియురాలితో (పావోలీ దామ్) కలిసి, మతి చలించి అడవిలో చెట్ల మీద బతుకుతున్న సోదరుడి కోసం వెతుకుతాడు. నగరంలో పుట్టగొడుగుల్లా లేస్తున్న భవనాలే పేరుకు ఆధారం. మాటలు తక్కువ, నిడివైన షాట్లు ఎక్కువ. పాత్రలు తమ మనసేమిటో చెప్పవు.

రెండు వాదనలు

నగరీకరణ మనుషులను ఎలా ఒంటరి చేస్తుందో మాటల్లేకుండా చూపిందన్నది మెచ్చుకున్నవారి మాట. ప్రతీకలే తప్ప ప్రాణం లేదని, పాత్రలు ప్రేక్షకుడిని దగ్గరకు రానివ్వవని మిగతావారి ఫిర్యాదు.

బెంగాల్‌లో మాత్రం చర్చ వేరే దారి పట్టింది. పావోలీ నగ్నంగా కనిపించే శృంగార దృశ్యం క్లిప్‌గా ఇంటర్నెట్‌లోకి లీకైంది. పేరున్న నటి అలా నటించవచ్చా అన్నదే ప్రశ్నగా మారింది. కథ కోరింది కాబట్టే చేశానని ఆమె సమర్థించుకున్నారు. నిందంతా దర్శకుడి కన్నా నటి మీదే పడింది. 1952 సినిమాటోగ్రాఫ్ చట్టం ప్రకారం బహిరంగ ప్రదర్శనకు సెన్సార్ సర్టిఫికెట్ తప్పనిసరి. లీకైన క్లిప్ ఆ గడప తొక్కకుండానే ఫోన్లలోకి చేరింది. సినిమాలో ఒంటరితనంలో భాగమైన దృశ్యం విడిగా చూసినప్పుడు కవ్వింపుగా మిగిలింది.

పాత చర్చే

భోగాన్ని తెర మీద చూపడంపై అంతకుముందూ వాదోపవాదాలు నడిచాయి. 1856లో అవధ్‌ను ఆంగ్లేయులు కలిపేసుకున్నాక నవాబు వాజిద్ అలీ షా కోల్‌కతా చేరి, 1887లో మరణించేదాకా ఎక్కువ కాలం మెటియాబ్రుజ్‌లో గడిపారు. సత్యజిత్ రాయ్ ‘శత్రంజ్ కే ఖిలాడీ’ (1977)లో ఆయనను ఆటపాటల్లో మునిగిన రాజుగా చూపి, వలస పాలకుల నిందనే మళ్లీ వినిపించారని కొందరు విమర్శించారు. తాను ఆయనలోని కళాకారుడినీ చూపానంటూ రాయ్ పత్రికాముఖంగా బదులిచ్చారు.

ఆ చర్చ సినిమా మొత్తాన్ని చూసి జరిగింది. ‘ఛత్రాక్’ విషయంలో తీర్పు చెప్పడానికి చాలామందికి క్లిప్ ఒక్కటే సరిపోయింది.