బుక్కరాయసముద్రం ప్రాంతంలో రుతువులు, ఇంటి వంట

అనంతపురం నగరాన్ని ఆనుకుని ఉన్న బుక్కరాయసముద్రం మండలంలో ఇంటి వంటను పంచాంగంలోని ఆరు రుతువుల కంటే వానే ఎక్కువగా నడిపించింది. జిల్లాలో ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వర్షమే పడుతుంది. పడమటి కనుమల చాటున ఉన్న ఈ పీఠభూమికి చేరేసరికి నైరుతి మేఘాలు తేలికైపోతాయి. సముద్రం దూరం కావడంతో తుపాను వానలూ సరిగా అందవు. అందుకే ఇక్కడి వంట చరిత్రలో సగం దాచుకోవడమే.

ఊరికి పేరు తెచ్చిన చెరువు విజయనగర రాజు మొదటి బుక్కరాయల కాలం నాటిది. ఆయన మంత్రి చిక్కప్ప ఒడయరు 1364లో పండమేరుకు అడ్డంగా దీన్ని కట్టించాడని స్థానిక చరిత్ర చెబుతుంది. చెరువు నిండిన ఏడు ఆయకట్టులో వరి పండేది. మెట్ట పొలాల ఇళ్లలో మాత్రం వరన్నం పండగకో, చుట్టాలొచ్చినప్పుడో వండేవారు. రోజూ తినేది కొర్రన్నం, జొన్నరొట్టె, సజ్జరొట్టె, రాగి సంగటి.

జొన్నలను పాతరల్లో నిలవ చేసేవారు. నేలలో గొయ్యి తవ్వి, లోపల గడ్డి పరిచి, గింజ పోసి, పైన మట్టితో మూసేసేవారు. పాతర తెరిచిన వెంటనే ఎవరూ లోపలికి దిగేవారు కాదు. చెడ్డ గాలి పోయేదాకా ఆగి, దీపం దించి అది ఆరిపోలేదని చూసుకున్నాకే దిగేవారు. ఆ జొన్నల రొట్టెకు ఓ రకం వాసన ఉండేది. వరసగా వానలు లేకపోతే పాతర కూడా చాలేది కాదు. 1876–78 కరవు అప్పటి బళ్లారి జిల్లాను, అందులో భాగమైన ఈ సీమను తీవ్రంగా దెబ్బతీసింది. 1882లో అనంతపురం వేరే జిల్లా అయింది.

తొలకరి పడ్డాక పాత గింజ అడుగంటే రోజుల్లో ఆదుకున్నవి విత్తకుండా మొలిచే ఆకులు. గురుగాకు, చెంచలాకు చేలో కలుపు మొక్కలే. కలుపు తీసే ఆడవాళ్లు లేత ఆకును ఒడిలో వేసుకొచ్చి, కందిపప్పుతోనో పులుపు వేసి పుల్లగూరగానో వండేవారు. వంటల పుస్తకాల్లో వీటికి దక్కాల్సిన చోటు దక్కలేదు.

కార్తీకం దాటాక వంటింట్లో కాస్త కళ కనిపిస్తుంది. చలికాలపు అసలైన రుచి పితికిన పప్పు. అనపగింజలను నీళ్లలో నానబెట్టి, ఒక్కొక్కటి బొటనవేలు, చూపుడువేలు మధ్య నొక్కితే తోలు వదిలి పప్పు జారి పడుతుంది. ఒక పూట కూరకు ఇంటిల్లిపాదీ కూర్చుని పితకాల్సిందే. ఆ పులుసు, వేడి సంగటి ఉంటే మరో కూర అక్కర్లేదు. సంక్రాంతికి నువ్వులద్దిన సజ్జరొట్టెలు, ఉగాదికి ఓళిగలు చేస్తారు. ఎండాకాలంలో పొద్దునపూట అంబలి, మజ్జిగ. మిద్దెల మీద సండిగలు, వంకాయ ఒరుగులు, మజ్జిగ మిరపకాయలు ఆరతాయి. చింతచిగురు పప్పు, మామిడి ఊరగాయ కూడా ఈ కాలపువే.

20వ శతాబ్దంలో వేరుశనగ ఈ లెక్కను మార్చేసింది. డబ్బు తెచ్చే పంటగా అది కొర్ర, జొన్న చేలను ఆక్రమించింది. శెనక్కాయలు పీకే రోజుల్లో పచ్చికాయలు ఉప్పేసి ఉడకబెట్టుకోవడం, ఏడాది పొడవునా శెనగవిత్తనాల చట్నీ ఊరి అలవాట్లయ్యాయి. పొలం నుంచి ధాన్యం రావడం తగ్గిన ఇళ్లకు 1983లో ఎన్టీ రామారావు ప్రభుత్వం తెచ్చిన కిలో రెండు రూపాయల బియ్యం ఆసరా అయింది. ఆకలి తీర్చిన ఆ పథకాన్ని తప్పుపట్టలేం. అయితే పండగ అన్నం రోజూ అన్నమయ్యాక, కొర్రలు దంచే రోలు, రాగులు విసిరే తిరగలి మూలకు చేరాయి.

ఐక్యరాజ్యసమితి 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. కొర్ర బియ్యం మళ్లీ దుకాణాల్లో కనిపిస్తున్నాయి, చాలామంది షుగరు భయంతో కొంటున్నారు. గురుగాకు మాత్రం ఏ దుకాణంలోనూ దొరకదు. దాన్ని గుర్తుపట్టి కోసి, వండటం తెలిసిన పెద్దవాళ్లు ఇంట్లో ఉన్నవారు ఆ ఆకు పేరు, అది మొలిచే కార్తె, వండే తీరు ఇప్పుడే అడిగి రాసి పెట్టుకోవాలి.