అనాథ, బానిస, వారసుడు

మాటకు అర్థాన్ని సమాజమే ఇస్తుందని మనం తరచు అంటూంటాం. అనడమే తప్ప నిరూపించి చూపడం అరుదు. అందుకు ఒక ధాతువు చరిత్రను పరిశీలిద్దాం.

ఇండో-యూరోపియన్ మూలరూపాలు రాతలో ఎక్కడా దొరకవు. సోదర భాషలను పోల్చి పండితులు పునర్నిర్మించినవే అవన్నీ. 'ఓర్భ్' అలాంటి రూపం. అయినవాళ్లను పోగొట్టుకున్నవాడని దాని అర్థం. గ్రీకులో 'ఓర్ఫనోస్' అంటే అనాథ.

స్లావ్ భాషల్లో ఈ మాటే 'రబ్' అయింది. అర్థం బానిస. దిక్కులేనివాడు పరాయి గడపలో చేరి, తిండి పెట్టినవాడికి చాకిరి చేశాడన్నది భాషావేత్తలు ఊహించే అర్థపరిణామం. రష్యన్‌లో పనిని 'రబోత' అనీ, శ్రామికుణ్ణి 'రబోచీ' అనీ అంటారు. చెక్ 'రొబొత' అంటే ప్రభువు పొలంలో రైతు చేసే వెట్టి. 1680లో బొహీమియా రైతులు తిరగబడ్డాక, ఈ వెట్టి వారానికి మూడు రోజులు మించరాదని శాసనం వచ్చింది. అది రద్దయింది మాత్రం 1848లోనే. కరెల్ చాపెక్ 1920 నాటి తన నాటకంలో కృత్రిమ శ్రామికులకు పెట్టిన 'రోబోట్' అనే పేరు ఈ వెట్టి నుంచి పుట్టిందే. ఆ నాటకంలో వాళ్లూ తిరగబడతారు.

కెల్టిక్ శాఖలోని ప్రాచీన ఐరిష్‌లో 'ఓర్బ్' అంటే వారసుడు. 'ఓర్బె' వారసత్వపు ఆస్తి. ఇక్కడా తండ్రి పోయాడు, కాని భూమి వదిలి పోయాడు. 'కొమర్బ' అన్న వారసవాచకాన్ని మఠాధిపతులు బిరుదుగా ధరించారు. ఆర్మా మఠాధిపతి పాట్రిక్ 'కొమర్బ'. ఆ పాట్రిక్కేమో యౌవనంలో ఐర్లండులో బానిసగా మందలు కాచినవాడు!

అంతమాత్రాన ఐరిష్ సమాజం బానిసత్వం ఎరగనిదని పొరబడరాదు. అక్కడి పాత చట్టాల్లో 'కుమల్' అంటే ఆడ బానిస. ఆస్తులకూ పరిహారాలకూ వెలకట్టే కొలమానం పేరు కూడా అదే. 'ఓర్బ్' వారసుడికి దక్కినచోట బానిసను మరో మాటతో పిలిచారు, అంతే. కనుక ఒక్క మాటను చూసి ఒక జాతి స్వభావాన్ని నిర్ణయించడం శాస్త్రం కాదు. ఆ మాట ఆస్తి ఉన్నవాడి పక్షాన నిలిచిందా, లేనివాడి పక్షాన నిలిచిందా అన్నదే మనం అడగవలసిన ప్రశ్న.

సంస్కృత 'అర్భక' శబ్దాన్ని కూడా చాలామంది పండితులు ఈ కుటుంబంలోనే చేరుస్తారు. అక్కడ దానికి చిన్నవాడు, శిశువు అని అర్థం. తెలుగుకు వచ్చేసరికి బక్కచిక్కినవాడు అర్భకుడయ్యాడు. మన కథల్లో ఈ మాట తరచు వెక్కిరింతగానే పడుతుంది. రాసేముందు, అతడు పోగొట్టుకున్నదేమిటో, అది ఎవరి చేతికి చేరిందో రచయిత ఒకసారి విచారించాలి.