పాలు వేడిచేస్తే వైఫై పోతుందా?

మా అమ్మాయికి మొన్న ఆన్‌లైన్‌లో మొదటి ఇంటర్వ్యూ. సరిగ్గా వాళ్లు ప్రశ్న అడిగే వేళకి ల్యాప్‌టాప్‌లో బొమ్మ బిగుసుకుపోయింది. తిరిగి కదిలేసరికి "తర్వాత చెబుతాం" అని ముగించేశారు. ఆ పూట పిల్ల అన్నం తినలేదు.

మావారు ల్యాప్‌టాప్ పాతబడిందన్నారు. రిపేరు షాపతను లోపల వైఫై కార్డు మార్చాలన్నాడు, మార్పించాం. డబ్బు పోయింది, జబ్బు మాత్రం అలాగే ఉంది.

ఇక నేను రంగంలోకి దిగాను. నెట్ పోయినప్పుడల్లా క్యాలెండర్ మీద టైం రాయమన్నాను. నాలుగు రోజులయ్యాక చూస్తే గుండె గుభేలుమంది. పదకొండుకి అత్తయ్యగారి రాగిజావ, నాలుగున్నరకి పాలు, రాత్రి తొమ్మిదికి కూరలు. అన్నీ నేను మైక్రోవేవ్ ఓవెన్ వేసే వేళలే! ఇంటర్వ్యూ రోజు పదకొండింటికి జావ వేడిచేసిందీ నేనే.

బి.ఏ. తెలుగు చదివినదాన్ని, నాకు తరంగాల గొడవ ఏం తెలుసు? కానీ అది ఎందుకలా అవుతుందో తెలిసేదాకా నిద్ర పట్టలేదు. తీరా చదివితే ఇది మా వంటింట్లో మొదలైన గొడవ కాదు, యుద్ధకాలం నాటిది.

రెండో ప్రపంచయుద్ధంలో శత్రు విమానాలను పసిగట్టడానికి రాడార్లు వాడారు కదా. వాటికి తరంగాలు పుట్టించే గొట్టాలు తయారుచేసే అమెరికా కంపెనీ రేథియన్. అందులో ఇంజనీరు పెర్సీ స్పెన్సర్ జేబులోని మిఠాయి ఆ గొట్టం దగ్గర కరిగిపోయిందని కథగా చెప్పుకుంటారు. కరిగిందో లేదో గానీ, వండటానికి ఆ తరంగాలు పనికొస్తాయని 1945లో పేటెంటుకు దరఖాస్తు పెట్టాడు. 1947 నాటి తొలి ఓవెన్ దాదాపు ఆరడుగుల ఎత్తు, 340 కిలోల బరువు! ఏ వంటింట్లో పడుతుంది చెప్పండి? గట్టు మీద పెట్టుకునే ఓవెన్ అమెరికాలో ఇళ్లకు చేరింది 1967లో.

అదే 1947లో అట్లాంటిక్ సిటీలో దేశాలన్నీ కూర్చుని గాలిలోని తరంగాలను పంచుకున్నాయి. 2450 మెగాహెర్ట్జ్ చుట్టుపక్కల ముక్కను వేడిచేసే యంత్రాలకు వదిలేశాయి. అక్కడ మాటలు పంపుకునేవాళ్లు ఆ యంత్రాల రొద భరించాల్సిందే. మన ఊళ్లలో పోరంబోకు భూమి లాంటిదన్నమాట. ఎవరి పట్టా లేదు, గుడిసె వేసుకుంటే పక్కవాడి గోల మన ఖర్మ.

1985లో అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్‌సీసీ ఆ పోరంబోకులో లైసెన్సు లేకుండా సమాచారం పంపుకోవచ్చని అనుమతించింది. దాని వెనక గట్టిగా నిలబడ్డ ఇంజనీరు మైఖేల్ మార్కస్. 1997లో మొదటి ప్రమాణం, 1999లో వైఫై అన్న పేరు వచ్చాయి. మన దేశంలో 2.4 గిగాహెర్ట్జ్‌కి లైసెన్సు తీసేసింది 2005లో. అంటే వైఫై వచ్చేనాటికే ఓవెన్ అక్కడ కాపురం ఉంది. పైగా ఓవెన్ లోపల ఎనిమిది వందల వాట్లు, పాపం రౌటర్‌ది వాటులో పదో వంతు. తలుపు సందుల్లోంచి రవ్వంత బయటికొచ్చినా దీని గొంతు వినపడదు. (ఆ రవ్వంతతో మనకు హాని లేదు, ఓవెన్ పారేయకండి.)

మా రౌటర్ ఫ్రిజ్ పక్క అలమరలో ఉండేది. అమ్మాయి గదికీ దానికీ మధ్యన ఓవెన్. ఇంకో సంగతేమిటంటే మా రౌటర్ రెండు పేర్లతో వైఫై ఇస్తుంది. చివర 5జి అని ఉన్నది వేరే దారి, 5 గిగాహెర్ట్జ్. సెల్‌ఫోన్ 5జి వేరు, ఇది వేరు. ఓవెన్ దాని జోలికి పోదు. కాకపోతే గోడలు దాటడంలో కాస్త నీరసం, అందుకని రౌటర్ని హాల్లోకి మార్చాం. ల్యాప్‌టాప్ పాత పేరును మరిచిపోయేలా చేసి కొత్తదానికి కలిపాం. మీ ల్యాప్‌టాప్‌లో ఆ పేరు కనపడకపోతే అది 5 గిగాహెర్ట్జ్ అందుకోలేని పాత రకం కావచ్చు. అప్పుడు రౌటర్నీ ల్యాప్‌టాప్‌నీ ఓవెన్‌కి దూరంగా జరపడమే దారి.

గిన్నెలో నీళ్లు పోసి ఓవెన్లో మూడు నిమిషాలు పెట్టి, అమ్మాయి చేత మా అమ్మకు వీడియో కాల్ చేయించాను. ఒక్కసారి కూడా ఆగలేదు. విషయం తెలియని అమ్మ మాత్రం "ఏమిటే, ఊరికే నవ్వుతున్నారు?" అంది.

గురువారం ఇంకో కంపెనీ ఇంటర్వ్యూ ఉంది. "ఓవెన్ వేసుకో అమ్మా, ఏం కాదు" అంది పిల్ల. వేసుకోవచ్చని నాకూ తెలుసు. అయినా ఆ రోజు జావ స్టవ్ మీదే కాచాను.