31 ఏళ్లు రిజల్ట్ రాని ల్యాబ్

ఎమ్మెస్సీ ఫిజిక్స్ ఎక్కడ చేయాలా అని వెతికే రోజుల్లో నేను చేసిన పని ఒకటి చెప్తాను. ఫోన్‌లో ఒక ర్యాంకింగ్ పేజీ తెరిచి, ఏ సంస్థ నుంచి ఎన్ని పేపర్లు వచ్చాయి, వాటికి ఎన్ని సైటేషన్లు ఉన్నాయి, అంతే చూశాను. నంబర్ తక్కువ కనిపిస్తే పేరు కూడా చదవకుండా దాటేశాను. అదే పద్ధతిలో చూసి ఉంటే, సైన్స్‌లో మన దేశానికి మొదటి నోబెల్ తెచ్చిన ల్యాబ్‌ని కూడా దాటేసేవాణ్ణి. ఈరోజు కథ దాని గురించే.

ముందు సైటేషన్ అంటే ఏంటో చూద్దాం. మీరు రీల్ చేసి, ఐడియా ఫలానా వాళ్లదని ట్యాగ్ చేస్తారు కదా? ఒక రీసెర్చ్ పేపర్ ఇంకో పేపర్‌ని అలా ప్రస్తావిస్తే అది సైటేషన్. 1964లో యూజీన్ గార్‌ఫీల్డ్ సైన్స్ సైటేషన్ ఇండెక్స్ తెచ్చాక ఈ లెక్క పెద్ద ఎత్తున మొదలైంది. 2005లో హిర్ష్ అనే ఫిజిక్స్ ప్రొఫెసర్ హెచ్-ఇండెక్స్ అనే కొలత ఇచ్చారు. ఒక్కోదానికి కనీసం పది సైటేషన్లున్న పేపర్లు మీకు పది ఉంటే, మీ హెచ్-ఇండెక్స్ పది.

ఇప్పుడు కలకత్తా వెళ్దాం. 1876లో మహేంద్రలాల్ సర్కార్ అనే డాక్టరు జనం దగ్గర చందాలు పోగుచేసి, బౌబజార్ వీధిలో ఇండియన్ అసోసియేషన్ ఫర్ ది కల్టివేషన్ ఆఫ్ సైన్స్ పెట్టారు. మనవాళ్లు ఇక్కడే సొంతంగా పరిశోధన చేయాలన్నది ఆయన కోరిక. ఉపన్యాసాలైతే బాగానే జరిగాయి కానీ, పరిశోధన మాత్రం దాదాపు సున్నా. ఆ అసంతృప్తితోనే 1904లో ఆయన కన్నుమూశారు.

1907లో అకౌంట్స్ ఆఫీసులో ఉద్యోగానికి వచ్చిన పద్దెనిమిదేళ్ల కుర్రాడు ట్రామ్‌లో పోతూ ఆ బోర్డు చూసి లోపలికి వెళ్లాడు. విశాఖపట్నంలో చదువుకుని పెరిగిన ఆ కుర్రాడే సి.వి.రామన్. పొద్దున్నే ల్యాబ్, తర్వాత ఆఫీసు, సాయంత్రం మళ్లీ ల్యాబ్. ఆయనకి తోడు అసిస్టెంట్ ఆశుతోష్ డే, అందరూ పిలిచే పేరు ఆశుబాబు. పదేళ్లు అలా గడిచాక, 1917లో రామన్ ఆ ఉద్యోగం వదిలి యూనివర్సిటీ ప్రొఫెసర్ అయ్యారు. 1926లో ఇండియన్ జర్నల్ ఆఫ్ ఫిజిక్స్ మొదలుపెట్టారు.

1928 ఫిబ్రవరి 28న అసలు ఫలితం వచ్చింది. ద్రవంలోంచి చెదిరి బయటికొచ్చే కాంతిలో కొంత భాగం రంగు మారుతోంది! రామన్ ఆలస్యం చేయలేదు. తన జర్నల్‌లో పేపర్ అచ్చువేసి, ఆ కాపీలు విదేశాల్లోని శాస్త్రవేత్తలకు పోస్టులో పంపించారు. ఇంచుమించు అదే సమయంలో మాస్కోలో లాండ్స్‌బెర్గ్, మాండెల్‌స్టామ్ కూడా స్ఫటికాల్లో ఇదే చూశారు. కానీ వాళ్ల పేపర్ వచ్చేసరికి రామన్ పేపర్లు ముందే ఉన్నాయి, వాళ్లూ వాటిని ప్రస్తావించారు. తొలి ఏడేళ్లలో ఈ అంశం మీద ప్రపంచవ్యాప్తంగా 700కి పైగా పేపర్లు వచ్చాయి. 1930లో నోబెల్.

మరి ఆ నంబర్లలో కనిపించని వాళ్ల మాటేంటి? ఆ ప్రయోగాల్లో రోజూ కూర్చున్నది కె.ఎస్.కృష్ణన్. నేచర్ పత్రికకి పంపిన నోట్‌లో ఆయన పేరుంది, ఎఫెక్ట్‌కి పెట్టిన పేరులో లేదు. కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో పుట్టిన సూరి భగవంతం 1928లో అక్కడే రామన్ దగ్గర చేరి, తర్వాత ఆంధ్రా యూనివర్సిటీకి వచ్చి ఇక్కడ ఫిజిక్స్‌ని నిలబెట్టారు. ఒక మనిషి ఇంకో ఊళ్లో డిపార్ట్‌మెంట్ కట్టడం ఏ సైటేషన్‌లోకి వస్తుంది చెప్పండి?

ఇంకో తమాషా ఉంది. ఈరోజు మందుల నాణ్యత దగ్గర్నుంచి గ్రాఫీన్ దాకా రామన్ స్పెక్ట్రోస్కోపీ వాడుతున్నారు. చాలామంది 1928 పేపర్‌ని సైట్ చేయరు, పేరు రాస్తే చాలు. న్యూటన్ సూత్రం వాడేవాళ్లు న్యూటన్ పుస్తకాన్ని సైట్ చేయరు కదా, అలాగే. అంటే బాగా ఇంకిపోయిన పని లెక్కలోంచి జారిపోతుంది.

నంబర్లు వద్దనట్లేదు. ఆ 700 పేపర్లు చూసే కదా, ఈ పని ఎంత దూరం వెళ్లిందో మనకి తెలిసింది! కాకపోతే 1906లో అవే నంబర్లు చూసినవాళ్లు ఆ తలుపు తట్టేవాళ్లు కాదు. రామన్ బోర్డు చూసి తట్టాడు.

ఇప్పుడు ఎవరైనా జూనియర్ ఏ సంస్థ మంచిదని అడిగితే నేను ఒక్కటే చెప్తున్నా. నంబర్ చూడు, ఆ తర్వాత వాళ్ల పేపర్ ఒక్కటైనా తెరిచి చదువు, వీలైతే ల్యాబ్‌కి వెళ్లి అక్కడివాళ్లతో మాట్లాడు. మీరైతే ఏం చూస్తారు? కింద రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.