రేగడి నేలలు – వేళ్ళు విడిపించు భాస్వరము

ఆంగ్ల వ్యవసాయ గ్రంథములలో దక్షిణాపథపు నల్లనేలకు ‘రేగర్’ అను పేరు కానవచ్చును. అది తెలుగున ‘రేగడి’ అను మాటకు రూపాంతరము. విజయనగర, నాయకరాజుల కాలములందు తిరునెల్వేలి, కోయంబత్తూరు సీమలకు తరలిన తెలుగు రైతుకుటుంబములలో పెక్కు నల్లనేలలనే ఆశ్రయించినవి. తమిళులు ఆ నేలను ‘కరిసల్’ అందురు. కి. రాజనారాయణన్ 1976లో వెలువరించిన ‘గోపల్ల గ్రామం’ అను తమిళ నవలకు ఇట్టి వలసయే ఇతివృత్తము. అడవి నరికి నేలను లోబరచుకొన్న ఆ కుటుంబములు తరతరములుగ అచ్చట పంట తీయగలుగుటకు ఆధారమేది? దీనికి సమాధానములో కొంతభాగము మట్టిలోని భాస్వరమునందు కలదు.

రేగడి తడిని చిరకాలము నిలుపుకొనును. కాని దానియందు సున్నపుపాలు హెచ్చు. అందువలన భాస్వరము సున్నముతో కూడి కరగని లవణముగ మారును. మరికొంత భాగము ఆకు, పేడ, వేరు చివికి ఏర్పడిన జీవపదార్థములలో బంధింపబడియుండును. మొక్క వేరు పీల్చుకొనగలిగినది నీట కరిగిన ఫాస్ఫేటును మాత్రమే. కావున నేలలో భాస్వరముండియు పైరు ఆకలిగొనును. గాదె నిండియున్నను తాళపుచెవి లేని ఇంటివలె.

ఆ తాళపుచెవి వేరునందే యున్నది. భాస్వరము చాలనపుడు వేళ్ళు ‘ఆమ్ల ఫాస్ఫటేజు’ అను ఎంజైమును అధికముగ స్రవించును. అది జీవపదార్థమునుండి ఫాస్ఫేటును నీటి సాయముతో విడదీయును. క్షార ఫాస్ఫటేజు ముఖ్యముగ మట్టిలోని సూక్ష్మజీవులనుండి వచ్చును. సున్నముతో గట్టిపడిన భాస్వరముపై ఎంజైమునకు అధికారము లేదు. దానిని కరిగించునవి వేళ్ళు వెలువరించు ఆమ్లములు.

ఈ జ్ఞానము ఒక్కనాట లభించినది కాదు. వేరు చుట్టునుండు మట్టికి ప్రత్యేక జీవనము కలదని గుర్తించి, 1904లో జర్మను శాస్త్రజ్ఞుడు హిల్ట్నర్ దానికి ‘రైజోస్ఫియర్’ అని నామకరణ మొనర్చెను. విడివడిన ఫాస్ఫేటును కొలుచుటకు నమ్మదగిన పద్ధతి కావలసివచ్చెను. భీమవరమున జన్మించి, మదరాసున వైద్యవిద్య నభ్యసించిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డులో ఫిస్కేతో కలసి 1925లో అట్టి పద్ధతిని ప్రకటించెను. మాలిబ్డేటుతో కలసిన ఫాస్ఫేటు నీలివర్ణము దాల్చును. ఆ నీలపు గాఢతయే భాస్వరపు పరిమాణమును తెల్పును. జీవరసాయన పరిశోధనాలయములందు ఈ పద్ధతి బహుళ వ్యాప్తి గాంచినది. 1969లో టబటాబాయి, బ్రెమ్నరులు మట్టిలోని ఫాస్ఫటేజు శక్తిని నేరుగ కొలుచు మార్గమును చూపిరి. 1987లో తరఫ్‌దార్, యుంగ్క్ అనువారు, వేరుచెంత ఈ ఎంజైము హెచ్చిన చోటనే జీవబద్ధ భాస్వరము తరుగుచున్నదని నిరూపించిరి.

తెలుగు నేలపై పటాన్‌చెరులోని ఇక్రిశాటు సంస్థయందు జరిగిన పరిశోధన 1990లో ప్రకటితమైనది. ఎర్రనేలలో ఇనుముతో బంధితమైన భాస్వరమును కంది వేళ్ళు పిసిడిక్ ఆమ్లముతో విడిపించునని అందు తేలినది. శనగ వేళ్ళు స్రవించు సిట్రిక్ మొదలగు ఆమ్లములు సున్నముతో కూడిన భాస్వరమును కరిగించును. శనగవేళ్ళ ఫాస్ఫటేజు విడిపించిన భాస్వరమును ప్రక్కసాలులోని మొక్కజొన్న సయితము పంచుకొనునని 2004లో చైనా పరిశోధకులు వెల్లడించిరి.

జొన్నతో కందిని కలిపి విత్తుట, పైరు మార్చి శనగ వేయుట, పొలమున గొర్రెలమంద కట్టుట దక్షిణాది మెట్టసాగున చిరపరిచితములు. రైతులు ఎంజైమునెరిగి ఇట్లు చేసిరనుట అతిశయోక్తి యగును. ఏ పైరు వెనుక ఏ పైరు బాగుండునో అనుభవమున కనుగొనిరి. కారణమును శాస్త్రము తరువాత తెలిపినది.

అయినను వేరు భాస్వరమును సృష్టింపజాలదు. ఉన్నదానిని విడిపించును, అంతియే. పంటతో అంగడికి పోయిన భాస్వరము తిరిగి రానిచో నేల క్రమముగ బీదపడును. 1906లో రాణిపేటలో సూపర్‌ఫాస్ఫేటు తయారీ ఆరంభమగుటకును, 1909లో కోయంబత్తూరున శాశ్వత ఎరువుల ప్రయోగము నెలకొల్పబడుటకును ఈ లోటే మూలము. నేడు భారతదేశము ఫాస్ఫేటు శిలను అధికభాగము విదేశములనుండి తెచ్చుకొనుచున్నది. కావున నేలలోనున్న ప్రతి పాలును వేళ్ళ సాయమున వినియోగించుకొనుట దేశావసరము.

పొరుగు రాష్ట్రములందలి తెలుగువారి చరిత్ర శాసనములందు, కైఫీయతులందు వెదకబడుచున్నది. వారి పంటవరుసలు, నేలపేర్లు, ఎరువుల మర్యాదలు మాత్రము వృద్ధుల నోటనే నిలిచియున్నవి. వానిని ఊరూర సేకరించి మట్టి పరీక్షలతో సరిపోల్చినచో, చరిత్రకును సేద్యమునకును సమానముగ మేలు కలుగును. ఆ వృద్ధులతోబాటు ఆ జ్ఞానము గతించినచో దానిని తిరిగి రప్పించు ఎంజైము లేదు.