గోడమీది దుప్పి తల

పాత జమీందారీ లోగిళ్లలోనో, అడవి బంగళాలలోనో వసారా గోడకి కొమ్ములతో సహా బిగించిన దుప్పి తలని మీలో చాలామంది చూసే ఉంటారు. కొన్ని ఇళ్లలో ఆ కొమ్ములకే గొడుగులు, తువ్వాళ్లు తగిలించేవారు. చిన్నపిల్లలైతే మిగతా ఒళ్లు గోడకి అవతలపక్క ఉందేమోనని వెళ్లి చూసి వస్తారు. పెద్దవాళ్లం మనం ఎవరు కొట్టారని అడుగుతాం గాని, ఎవరు చేశారు, ఎంతైంది అని అడగం. ఈవేళ ఆ సంగతే చెప్పుకుందాం.

అసలు ఆ తలలో తల లేదండీ. కళ్లు గాజువి. లోపలిది కాగితపు గుజ్జుతోనో, మరో పదార్థంతోనో చేసిన అచ్చు. నిజంగా ఆ జంతువుది అంటూ మిగిలింది పైన తోలు, కొమ్ములు, కొమ్ముల కింద కాస్త పుర్రె ఎముక, అంతే. అచ్చుకి తోలు తొడిగి కుట్టేవాణ్ణి టాక్సిడెర్మిస్టు అంటారు. మనకి అర్థమయ్యేటట్టు చెప్పాలంటే, చచ్చిన జంతువుకి దర్జీ.

కొమ్ములలోనూ రెండు జాతులున్నాయి. చుక్కల దుప్పికి, కణుజుకి ఉండేవి కొమ్మలు వేసే గట్టి ఎముక కొమ్ములు. మగవాటికే వస్తాయి, రాలిపోతాయి, మళ్లీ మెత్తని నూగుతో మొలుస్తాయి. కృష్ణజింక కొమ్ము అలా కాదు. మెలి తిరిగి, లోపల ఎముక, పైన తొడుగులాగా ఉంటుంది, జన్మలో రాలదు. ఈ తొడుగు ఊడదీసి లోపల శుభ్రం చెయ్యకపోతే పురుగు పడుతుంది. ఈ తేడా తెలియనివాడి చేతికి తల ఇస్తే ఏడాది తిరక్కుండా పాడవుతుంది.

పూర్వం యూరప్‌లో తోలులో గడ్డీ, పీచూ కూరి కుట్టేసేవారు. నాలుగేళ్లకి చిమటలు తినేసేవి. 18వ శతాబ్దంలో ఫ్రాన్సు దేశం మెట్జ్ ఊళ్లో బెకూర్ అనే మందుల వర్తకుడు పాషాణం కలిపిన సబ్బు కనిపెట్టి తోలు లోపలివైపు రాశాడు. పురుగు దగ్గరికి రాలేదు. ఆ యోగం బతికున్నంతకాలం ఎవరికీ చెప్పలేదట. తర్వాత అది అందరికీ తెలిసి, నూరేళ్ల పైగా ప్రపంచమంతా వాడింది. ఆ పాషాణం సంగతి మళ్లీ వస్తుంది, గుర్తుపెట్టుకోండి.

ఈ విద్య నేర్చుకోవడానికి ఎంతయ్యేదో ఒక లెక్క దొరుకుతోంది. 1826లో ఎడిన్‌బరోలో వైద్యం చదువుతున్న చార్లెస్ డార్విన్, జాన్ ఎడ్మన్‌స్టన్ అనే ఆయన దగ్గర పక్షులని నింపడం నేర్చుకున్నాడు. ఎడ్మన్‌స్టన్ దక్షిణ అమెరికాలోని గయానాలో బానిసగా పుట్టి స్వేచ్ఛ పొందిన నల్లజాతి మనిషి. రోజుకి గంట చొప్పున రెండు నెలల చదువుకి జీతం ఒక్క గినీ, అంటే 21 షిల్లింగులు. తర్వాత గలపాగస్ దీవులలో డార్విన్ పక్షులని పాడవకుండా ఇంటికి చేర్చాడంటే, ఆ గినీ చదువు పనికొచ్చిందన్నమాట. గురువుగారి పేరు మాత్రం చాలాకాలం ఎవరికీ పట్టలేదు.

ఆడవాళ్లు ఈ పని చేశారా అంటారేమో. చేశారు. అమెరికాలో కొలరాడో ప్రాంతపు మార్తా మాక్స్‌వెల్ 1876లో ఫిలడెల్ఫియా ప్రదర్శనలో దుప్పులు, ఎలుగులు, అడవిదున్నలు కొండమీద తిరుగుతున్నట్టే నిలబెట్టి, ముందర ‘ఆడదాని పని’ అని బోర్డు పెట్టింది. కొట్టింది ఆవిడే, కుట్టింది ఆవిడే. చిత్రమేమిటంటే మనిషి శాకాహారి! పేరు దేశమంతా వచ్చింది గాని డబ్బు రాలేదు. 1881లో పోయింది. ఆవిడ చేసినవి చూసేవాళ్లు లేక పాడైపోయాయి.

మనదేశంలో అయితే ఈ పనికి మైసూరు పెట్టింది పేరు. వాన్ ఇంగెన్ అండ్ వాన్ ఇంగెన్ కంపెనీని యూజీన్ వాన్ ఇంగెన్ 1900 ప్రాంతంలో మొదలుపెట్టాడు. కొడుకులకి బ్రిటిషువాళ్లతో పోరాడిన బోయర్ సేనానుల పేర్లు పెట్టుకున్నాడు: డివెట్, బోథా, జూబర్ట్. ఆ ముగ్గురూ ఆ పనిలోనే జీవితం గడిపారు. మహారాజులు, దొరలు, వైస్రాయిలు అక్కడికే పంపేవారు. ఎందుకంటారా? మనం రవిక కుట్టే దర్జీని ఎలా ఎంచుకుంటాం? వాడు కుట్టిన నాలుగు రవికలు తిప్పి చూస్తాం. ఇదీ అంతే. కనురెప్పలు గాజుకంటి చుట్టూ సరిగ్గా కూచున్నాయా, చెవులు వాడిన తమలపాకులలాగా ముడుచుకున్నాయా, ముక్కు దగ్గర తోలు అచ్చుని వదిలి లేచిందా, కుట్లు పైకి కనిపిస్తున్నాయా? ముఖ్యంగా, చూడగానే అది దుప్పిలాగా ఉందా, మేకలాగా ఉందా?

అయితే ఎంత గొప్ప పనివాడైనా, పాడైన తోలుని బాగుచెయ్యలేడు. మన ఎండలకి కొన్ని గంటలలోనే కుళ్లు మొదలై వెంట్రుకలు ఊడి వస్తాయి. వేటాడిన చోటే తోలు ఒలిచి, మాంసం గీకి, చెవులూ పెదవులూ లోపలినుంచి చీల్చి, ఉప్పు దిట్టంగా పట్టించాలి. ఊరగాయకి ఉప్పు తక్కువైతే ఏమవుతుందో మీకు నేను చెప్పాలా! ఎండలో ఆరేస్తే తోలు బిరుసెక్కుతుంది, నీడనే ఆరాలి. భుజాలదాకా తల కావాలంటే గొంతు ముందువైపు కొయ్యకూడదు. ఇవన్నీ చేసేది తుపాకీ పేల్చిన దొర కాదండోయ్. వెంట వెళ్లిన పనివాళ్లు. గోడమీది రాగిరేకుపై మాత్రం దొరగారి పేరు, తేదీ.

ఖర్చు మాటకొస్తే, అమెరికాలో మన పిల్లలుండే ఊళ్ల చుట్టుపక్కల ఇది ఇప్పటికీ మామూలు వ్యవహారమే. లైసెన్సు కట్టి, శరత్కాలంలో తెల్లతోక దుప్పిని వేటాడతారు. భుజాలదాకా తల చేయించాలంటే కొన్ని వందల డాలర్లు, అదీ కొంత అడ్వాన్సు ఇచ్చి నెలలతరబడి ఎదురుచూడాలి. చవగ్గా చేస్తానన్నవాడి దగ్గరికి పోవద్దని అక్కడి వేటగాళ్లే చెప్పుకుంటారు. అక్కడ ఎన్ని కొట్టవచ్చో ప్రభుత్వం లెక్క కడుతుంది.

మనకి ఆ లెక్క కట్టినవాళ్లు లేకపోయారు. మైసూరు కంపెనీ ఒక్కటే చేసిన పులులు, చిరుతలు 43,000 పైచిలుకు. దుప్పులూ జింకలూ అందులో కలపలేదు. కృష్ణజింకలని వేటాడడానికి రాజులు చీతాలని పెంచి వదిలేవారు. 1947లో మధ్యభారతంలోని కొరియా సంస్థానాధీశుడు ఒకే రాత్రి మూడు చీతాలని కాల్చాడు. ఆ తర్వాత 1952లో ప్రభుత్వం దేశంలో చీతా లేదని ప్రకటించింది. వేటాడించిన జంతువూ పోయింది, వేటకి గురైన జింకా పలచబడింది. మన హైదరాబాదు వనస్థలిపురంలో నిజాముగారి వేటస్థలమే ఇప్పుడు జింకల వనం అయింది, 1994లో జాతీయవనంగా ప్రకటించారు. ఆంధ్రప్రదేశ్‌కి కృష్ణజింక, తెలంగాణకి చుక్కల దుప్పి రాష్ట్రజంతువులు.

1972లో వన్యప్రాణి రక్షణ చట్టం వచ్చాక మైసూరు కంపెనీకి పని తగ్గుతూ వచ్చి, 1999లో మూతపడింది. జూబర్ట్ గారు నూరేళ్లు నిండాక 2013లో పోయారు. బొంబాయి బోరివిలీ జాతీయవనంలో 2009లో ప్రభుత్వం ఒక కేంద్రం పెట్టింది. అక్కడ తమంత తాము చచ్చిపోయిన జంతువులకే, అదీ అనుమతితో, చేస్తారు.

ఇక మీ పుట్టింట్లోనో అత్తవారింట్లోనో అటువంటి తల ఉంటే రెండు సంగతులు. మొదటిది, యాజమాన్య ధ్రువపత్రం ఉందేమో పాత కాగితాలలో వెతికించండి. 2003లో ప్రకటించుకోవడానికి 180 రోజుల గడువిచ్చారు, అది ఎప్పుడో తీరిపోయింది. పత్రం ఉన్నా అమ్మకూడదు, వారసులకి రావచ్చు. పత్రం లేకపోతే దాచిపెట్టకుండా అటవీశాఖవారితో మాట్లాడడం మేలు. రెండోది ఆ పాషాణం. పాత తోలులో అది ఇంకా ఉండవచ్చు. దులిపే పని పనిపిల్ల మీద పడెయ్యకండి. ముక్కుకి గుడ్డ, చేతులకి తొడుగులు లేకుండా ఎవరూ ముట్టుకోవద్దు. చంటిపిల్లలు పడుకునే గదిలో అసలే వద్దు.