ముక్కెత్తిన విల్లీస్

విల్లీస్ అన్న పేరు మనకు జీపుతోపాటే వచ్చింది. మహీంద్రా వాళ్లు 1940ల చివర్లో బొంబాయిలో బిగించడం మొదలుపెట్టింది విల్లీస్ జీపునే. ఆ కంపెనీది అమెరికాలోని ఒహాయో రాష్ట్రం, టొలీడో నగరం. అక్కడే 1941లో అమెరికార్ అనే చిన్న కూపే కారు కూడా తయారైంది. జీపులో ఉన్న నాలుగు సిలిండర్ల గో-డెవిల్ ఇంజనే దానికీ ఉండేది: 2.2 లీటర్లు, 63 హార్స్‌పవర్. సంసారపక్షంగా, చవకగా తిరగడానికి చేసిన ఆ కారు ఇరవై ఏళ్ల తర్వాత డ్రాగ్ రేసుల్లో అందరూ భయపడే బండి అయింది. దక్షిణ కాలిఫోర్నియాలో స్థిరపడ్డాక నాకు పట్టుకున్న ఇష్టం అదే. ఆ బండిని 25వ వంతు సైజు నమూనాగా, 1964 నాడు ఎలా ఉండేదో అలాగే కడుతుంటాను.

డ్రాగ్ రేసంటే రెండు బండ్లు పక్కపక్కన నిలబడి క్వార్టర్ మైలు, అంటే 1,320 అడుగులు, తిన్నగా దూసుకుపోవడం. 1930ల్లో కుర్రాళ్లు మ్యూరాక్ వంటి ఎండిన చెరువుల్లో పాత ఫోర్డులతో వేగం పరీక్షించుకునేవారు. యుద్ధం తర్వాత ఆ పోటీ ఊరి రోడ్లకెక్కింది. ప్రమాదాలు, పోలీసు కేసులు మొదలయ్యాయి. 1950లో శాంటా అనా విమానాశ్రయం రన్‌వే మీద టికెట్టు పెట్టి రేసులు నడపడం మొదలైంది. మరుసటి ఏడు వాలీ పార్క్స్ ఎన్‌హెచ్‌ఆర్‌ఏ అనే సంఘం పెట్టారు. 1955లో కాన్సస్‌లోని గ్రేట్ బెండ్‌లో ఆ సంఘం తొలి జాతీయ పోటీ జరిగింది.

సంఘం వచ్చాక నిబంధనలు వచ్చాయి. బండ్లకు వాటి రూపం ఇచ్చినవి ఆ నిబంధనలే. అమెరికాలో పెట్రోలును గ్యాస్ అంటారు కాబట్టి, పెట్రోలుతో మాత్రమే నడవాల్సిన బండ్లను గ్యాసర్లు అన్నారు. బరువును ఇంజను సైజుతో భాగించి ఏ క్లాసో తేల్చేవారు. ఇంజనును వెనక్కి జరపొచ్చుగానీ, ముందు ఇరుసు గీత నుంచి మొదటి స్పార్క్ ప్లగ్గు దాకా దూరం వీల్‌బేస్‌లో పది శాతం దాటకూడదు. క్రాంక్‌షాఫ్ట్ నేల నుంచి 24 అంగుళాల ఎత్తు మించకూడదు. తేలికగా, పొట్టిగా, చవకగా దొరికే విల్లీస్ ఈ లెక్కలకు సరిగ్గా సరిపోయింది. గో-డెవిల్‌ను పీకేసి క్రైస్లర్ హెమీ, ఓల్డ్స్‌మొబైల్, షెవ్రొలే ఇంజన్లు దించారు. పైన పెట్టిన బ్లోయర్, అంటే ఇంజనులోకి గాలి నెట్టే పంపు, జీఎంసీ డీజిల్ ఇంజన్లది. టూ-స్ట్రోక్ డీజిల్ ఇంజనుకు గాలి బయటినుంచి నెట్టాలి కాబట్టి లారీలకు, బస్సులకు ఆ పంపు ఉండేది. దాని 6-71 అన్న పేరుకు అర్థం ఆరు సిలిండర్లు, ఒక్కోటి 71 ఘనపుటంగుళాలు అని. రేసు కుర్రాళ్లు దాన్ని తెచ్చి పెట్రోలు ఇంజను నెత్తిన బిగించారు.

చూసినవాళ్లంతా మొదట అడిగేది గ్యాసర్ ముక్కు అంత పైకెందుకు ఎత్తారని. అది సోకు కోసం చేసింది కాదు. ఆనాటి వెనక టైర్లు సన్నం, పట్టు తక్కువ. బండి ఒక్కసారిగా ముందుకు దూకినప్పుడు బరువు వెనక్కి వాలుతుంది. బరువు ఎంత ఎత్తున ఉంటే అంత ఎక్కువగా వెనక చక్రాల మీద పడుతుంది. అందుకే ముందువైపు కమాను పట్టీల మీద అడ్డంగా ఒకే ఇరుసు వేసి బండిని లేపారు. టైర్ల పట్టు పెరిగాక ఆ ఎత్తు అవసరం తగ్గిపోయింది.

ఆ బండ్లలో ఎక్కువ పేరు పొందింది స్టోన్-వుడ్స్-కుక్ జట్టు నీలి విల్లీస్. ఫ్రెడ్ స్టోన్, టిమ్ వుడ్స్ నల్లజాతి యజమానులు. నడిపిన డగ్ కుక్ తెల్లవాడు. పౌరహక్కుల చట్టం 1964లో వచ్చింది. అంతకు ముందు నుంచే ఈ ముగ్గురి పేర్లూ ఒకే తలుపు మీద పక్కపక్కన ఉన్నాయి. వీళ్లకు దీటుగా బిగ్ జాన్ మజ్మానియన్ ఎర్ర విల్లీస్ ఉండేది. వీళ్ల పోటీ ట్రాకు మీదే ఆగలేదు. క్యామ్‌షాఫ్ట్ కంపెనీల పత్రికా ప్రకటనల్లో కూడా సవాళ్లు నడిచాయి.

ఇదంతా పిల్లల చేతికి చేర్చినవి ప్లాస్టిక్ కిట్లు. మిషిగన్‌లోని ఏఎంటీ కంపెనీ మొదట కార్ల డీలర్లకు ప్రచార బొమ్మలు చేసేది. 1958లో అవే అచ్చులతో విడిభాగాల కిట్లు తెచ్చింది. ఒకే డబ్బాలో మూడు రకాలుగా కట్టుకునే భాగాలు: షోరూము కారు, అలంకరించిన కారు, రేసు కారు. రేసు ఎన్నడూ చూడని ఊళ్ల పిల్లలకు బ్లోయరంటే ఏమిటో, గాళ్లు లేని నున్నటి స్లిక్ టైరంటే ఏమిటో ఆ డబ్బాయే నేర్పింది. రెవెల్ కంపెనీ స్టోన్-వుడ్స్-కుక్ విల్లీస్‌నే కిట్టుగా అమ్మింది, ఆ బండి ఇంకా పరిగెడుతున్న 1960ల్లోనే.

నా బల్ల మీద ఆ నిబంధనలన్నీ మిల్లీమీటర్లవుతాయి. విల్లీస్ వీల్‌బేస్ 104 అంగుళాలు. దాంట్లో పది శాతాన్ని 25తో భాగిస్తే పదిన్నర మిల్లీమీటర్లు. మొదటి ప్లగ్గు ఆ హద్దు దాటకుండా ఇంజను కాళ్లను ఆకురాయితో అరగదీస్తాను. క్రాంక్‌షాఫ్ట్ ఎత్తు 24 మిల్లీమీటర్లకు కాస్త ఎక్కువ. అట్టముక్క మీద ఆ ఎత్తున గీత గీసుకుని, ముందు ఇరుసు అతికేముందు ఆనించి చూస్తాను. అసలు ప్లగ్గు వైరు మందం 7 మిల్లీమీటర్లు, కాబట్టి నాకు కావలసింది 0.28. పాత ఇయర్‌ఫోన్ల లోపలి రాగి తీగ దాదాపు అంతే ఉంటుంది. వెనక స్లిక్కులు పది అంగుళాల చుట్టూ ఆగాలి. ఇంకా వెడల్పువి పెడితే బండి చూడ్డానికి దిట్టంగా ఉంటుందిగానీ 1964 దాటిపోతుంది. లోపల ఒక రోల్ బారు చాలు, పంజరం అక్కర్లేదు. ఎరుపు, నీలం రంగుల మెరిసే హోస్ బిగింపులు తర్వాతి కాలానివి. నేను నల్ల రబ్బరు గొట్టం, క్లిప్పు వేస్తాను.

అన్నిటికన్నా నాకిష్టమైనది అద్దం మీది రాత. బరువు తూచాక క్లాసు మారొచ్చు కాబట్టి క్లాసు పేరునూ నంబరునూ తెల్ల బూటు పాలిష్‌తో రాసి తర్వాత తుడిచేసేవారు. నేను అక్కడ స్టిక్కరు అతికించను. సున్నా నంబరు కుంచెతో, కాస్త వంకరగానే ఏ/జీఎస్, అంటే బ్లోయర్ ఉన్న ఏ క్లాసు గ్యాసర్, అని రాస్తాను. తలుపు మీది జట్టు పేరు మాత్రం నిపుణుడి చేతిరాతలా తీరుగా ఉండాలి.

1966లో మెర్క్యురీ కామెట్‌లు పైకి లేచే ఫైబర్‌గ్లాస్ బాడీలతో వచ్చాయి. జనం ఫన్నీ కార్లు అనే ఆ కొత్తరకం బండ్ల వైపు తిరిగారు. గ్యాసర్ల కాలం కొన్నేళ్లలో సన్నగిల్లింది. రేసు బండిని ఎవరూ దాచుకోరు. ఇంజను ఒకరికి, గేరుబాక్సు మరొకరికి పోతాయి. బాడీని కోసి ఇంకోటి చేస్తారు. కాలిఫోర్నియాలోని పొమోనాలో ఉన్న ఎన్‌హెచ్‌ఆర్‌ఏ మ్యూజియంలో ఆనాటి బండ్లను చూడొచ్చుగానీ, అలా మిగిలినవి కొన్నే. అందుకే ఆనాటి కిట్టు భాగాలు నాకు బొమ్మ ముక్కలు కావు, కొలతలతో సహా మిగిలిన సాక్ష్యాలు.

మీ ఇంట్లో ఎవరైనా ఇలాంటి కిట్టు తెచ్చుకుంటే, జిగురు సీసా తెరిచేముందు ఈ బండి ఏ ఏటిదని అడగండి. ఆ ప్రశ్నకు జవాబు వెతుకుతూనే నేను డీజిల్ బస్సు పంపు గురించీ, బరువు లెక్క గురించీ, ఒకే తలుపు మీది ఆ మూడు పేర్ల గురించీ తెలుసుకున్నాను.